పాలుకు తెచ్చిన చేప

కొమరోలు నుంచి గిద్దలూరు వచ్చే బస్సులో సరళ కాళ్ళ మధ్య మూత పెట్టిన బకెట్టు ఒకటుంది. మూతకు చీరపిన్నుతో పొడిచిన బెజ్జాలున్నాయి. బస్సు గుంతలో పడినప్పుడల్లా లోపల్నుంచి ఠప్పుమని ఒక దెబ్బ వినపడేది. కండక్టరు వంగి చూసి, ఏందమ్మా అది, పాముగానీ కాదు గదా అన్నాడు. చేప నాయనా అంది సరళ. కూరకా అన్నాడతను. సరళ చూసిన చూపుకు పాపం టిక్కెట్టు చించి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు.

కూరకా అంటే మండదా మరి! ఆ బకెట్టులో ఉన్నది బంగారి. సరళ తోడికోడలు విజయ మూడేళ్ళుగా కన్నపిల్లలా సాకిన ఆడ ఫ్లవర్‌హార్న్ చేప. పసుపుపచ్చ ఒళ్ళు, పక్కలకు నల్ల చుక్కలు, ఒక అరచేతి కంటే కాస్త పెద్దది. కడుపు ఆపరేషనై విజయ నెలల తరబడి మంచాన ఉన్నప్పుడు పగలంతా ఆమెకు తోడు అదే. మంచం పక్కన అద్దాల తొట్టి. విజయ చెయ్యి లేపితే అద్దం దగ్గరికి వచ్చేది, దించితే కిందికి పోయేది. అలాంటిదాన్ని బకెట్టులో పోసి ఇచ్చేటప్పుడు విజయ ఏడవలేదు గానీ, మూత పెట్టడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు. సరళే పెట్టింది. "నా కండ్లల్లో పెట్టుకోని చూసుకుంటా అమ్మీ," అని మాటిచ్చింది.

ఈ రాకపోకలు మగవాళ్ళకు తెలియవు. తెలిస్తే ఇంకేముంది, రెండిళ్ళలోనూ ఆ పూట పొయ్యి వెలగదు. సరళ మొగుడు నరసింహం, విజయ మొగుడు నాగరాజు సొంత అన్నదమ్ములు. ఒకే మంద వెనక తిరిగి పెరిగినవాళ్ళు. కొమరోలు పక్కనున్న చేనికి ఇద్దరికీ కలిపి ఒకటే బోరు ఉండేది. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో దాని నీళ్ళు సన్నబడితే, నాగరాజు తన వాటా గట్టున ఇంకో బోరు వేయించాడు, పాతదానికంటే బాగా లోతుకు. కొత్తదాంట్లో ఇంటి కొళాయికి కూడా సరిపడా నీళ్ళు పడ్డాయి, పాతది ఎండిపోయింది. నరసింహం పార కామ పట్టుకుని పోయి తమ్ముడి స్టార్టరు పెట్టె పగలగొట్టాడు. తమ్ముడు స్టేషనుకెక్కాడు. అక్కడ నలుగురూ సర్దిచెప్పి బయటికి పంపితే, బయట నిలబడి నరసింహం ఒట్టేశాడు. నీ గడప తొక్కితే నేను ఓబులేసు కొడుకునే కాదు పో అన్నాడు. ఎదురుగా ఉన్నవాడు కూడా ఆ ఓబులేసు కొడుకే గదా! ఆ మాటకు అక్కడ ఒకరిద్దరు నవ్వారు కూడా. సరళకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకొస్తుంది? ఒక్క ఏడాదిలోనే ఆ ఇంట్లో కాలుపెట్టిన కోడళ్ళు వాళ్ళిద్దరూ. పుట్టింట్లో సరళకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆమెను అక్కా అని పిలిచే నోరు లోకంలో విజయది ఒక్కటే. నరసింహం చేను కౌలుకిచ్చేసి గిద్దలూరు శివారులో ఇల్లు కట్టుకుని గొర్రెల బేరంలో పడ్డాక, ఆ పిలుపు ఫోనులో వినాల్సిందే, అదీ బట్టలుతికే చోట, కొళాయి చప్పుడు మాటున. విజయ ఆపరేషనుకు కూడా సరళ పోలేకపోయింది.

అందుకే ఈ చేపల ఉపాయం పన్నింది. గొర్రెలు మేపే ఇళ్ళలో జీవాలను పాలుకు ఇచ్చుకోవడం ఉంది. ఆడజీవాన్ని ఒకరు ఇస్తారు, ఇంకొకరు మేపుతారు, పుట్టిన పిల్లలను చెరిసగం పంచుకుంటారు. పంచుకునే రోజున రెండిళ్ళ యజమానులూ దొడ్డి దగ్గర ఎదురెదురుగా కూర్చోవాలి. తల్లిని ఇచ్చినవాడు ముందు ఎంచుకుంటాడు. ఆ రోజున మాటల్లేకుండా కుదరదు, ఇంకొకరిని పంపితే ఒప్పుకోరు. విజయ బంగారిని, నరసింహం పెంచే మగచేపను కలిపితే పిల్లలవుతాయి. పిల్లలయ్యాక పంపకం ఉంటుంది. ఆ పంపకానికి అన్నదమ్ములిద్దరూ ఒక తొట్టి ముందు కూర్చోక ఎక్కడికి పోతారు? చేపలకు ఆ ఆచారం ఎవరు పెట్టారని అడిగింది విజయ. మనమే పెడదాం అంది సరళ.

నరసింహం దగ్గరున్న మగచేప గురించి చెప్పాలంటే చాలా ఉంది. మంద తగ్గిపోయాక ఆ మనిషికి పొట్టేళ్ళ మీదున్న పిచ్చి తీరడానికి ఏదో ఒక దారి కావాల్సి వచ్చింది. మార్కాపురంలో చెంచయ్య అనే అతని చేపల దుకాణంలో నుదుటి మీద ఇంత గుబ్బ ఉన్న ఎర్రచేపను చూశాడు. అద్దానికి వేలు పెడితే తలతో ఢీకొట్టింది. అంతే, మనసు పారేసుకున్నాడు. ఇంటికి తెచ్చి దానికి పొట్టేలు అని పేరు పెట్టాడు. ఈ తావు బోరు నీళ్ళకు పప్పు ఉడకదు, పిల్లల పళ్ళు గారపడతాయి గానీ, ఆ చేపలకు మాత్రం భలే పడతాయి. ఏడాదిలోనే దూడలా బలిసింది. తొట్టిలో దాని పక్కన ఏది వేసినా మర్నాటికి శవమే. "మగోడంటే అట్ల ఉండాల," అనేవాడు నరసింహం, చచ్చినదాన్ని చేతివలతో తీసి పారేస్తూ.

బంగారిని ఇంటికి తెచ్చిన రోజున మార్కాపురం దుకాణంలో కొన్నానని మొగుడికి చెప్పింది సరళ. జత కట్టించడానికి అదే దుకాణంలో ఇచ్చానని నాగరాజుకు చెప్పింది విజయ. నరసింహం సంగతైతే, అతను సంబరపడిపోయాడు. ఆడదాన్ని మగదాని దగ్గరికి తేవడం అతనికి మామూలుగానే తోచింది. సరళకైనా అంతే, విజయకైనా అంతే. ఎదకొచ్చిన ఆవును ఆంబోతున్న ఊరికి తోలుకుపోవడమే గానీ, ఆంబోతును ఆవు ఇంటికి తోలుకొచ్చినవాళ్ళను ఈ వైపు ఎవరూ చూడలేదు.

విజయ చెప్పినట్టే చేసింది సరళ. ఒక ఊరి బోరు నీళ్ళలో పెరిగిన చేపను ఇంకో ఊరి నీళ్ళలోకి ఒక్కసారిగా పోస్తే గిలగిలా కొట్టుకుని చస్తుంది. అందుకని బకెట్టు తొట్టి పక్కన పెట్టుకుని, తొట్టిలోంచి ఒక చెంబు నీళ్ళు తీసి బకెట్టులో పోయడం, కాసేపు ఆగడం, మళ్ళీ ఒక చెంబు పోయడం. అలా కొత్త నీళ్ళు ఒంటికి పట్టాక తొట్టిలో వదిలింది. తొట్టి మధ్యలో నిలువునా అద్దం పలక దించింది. ఇటు పొట్టేలు, అటు బంగారి. బంగారి వైపు ఒక పగిలిన కుండ, ఒక పైపు ముక్క కూడా పెట్టింది, దాక్కోవడానికి.

మొదటి రోజులు చూడాలి ఆ రంకెలు! పొట్టేలు మొప్పలు విప్పుకుని వచ్చి తలతో అద్దాన్ని కొట్టేది. తొట్టి మీద మూత అదిరేది. బంగారి కుండలోంచి బయటికొచ్చేది కాదు. అన్నం ముద్ద నోట పెట్టుకుని సరళ తొట్టి ముందే కూర్చునేది. రోజులు గడిచేకొద్దీ కొట్టడం తగ్గింది. పొట్టేలు అద్దం దగ్గర ఒళ్ళు వణికించడం, నోటితో గులకరాళ్ళు తీసి గుంట చేయడం మొదలుపెట్టింది. బంగారి కూడా కుండ వదిలి అద్దం దాకా వచ్చి తోక ఆడించింది. ఆ సంగతి ఫోనులో చెప్తే విజయ గట్టిగా నవ్వింది. కానీ తొందరపడొద్దని మరీ మరీ చెప్పింది. బంగారి కడుపు కింద గుడ్లు పెట్టే సన్నటి గొట్టం బయటికి కనపడాలి, గుడ్లు పెట్టడానికి నున్నటి రాయి ఉండాలి, అప్పుడే అద్దం తియ్యాలి, తీశాక కూడా కండ్లు ఆర్పకుండా కాపలా ఉండాలి అంది.

నున్నటి రాయంటే మార్కాపురం పలక కంటే నున్ననిది ఏముంది? సరళ పొద్దున్నే బస్సెక్కింది. పోయేముందు మొగుడికి చెప్పింది, నేను వచ్చేదాకా ఆ అద్దం మీద చెయ్యి వెయ్యొద్దని. సరేలే అన్నాడు నరసింహం. పలకల ఫ్యాక్టరీ బయట కుప్పపోసిన ముక్కల్లో చిట్లనిది, అంచు కొయ్యనిది ఒకటి ఏరుకుని, సంచిలో పెట్టుకుని, బస్సులో కూర్చుని ఆ సంచిని ఒళ్ళో పట్టుకుంది. కిటికీ బయట కంభం దాటింది, కంది చేలు దాటిపోయాయి. పంపకం రోజున ఏం వండాలా అని కూడా ఆలోచించింది. నాగరాజుకు సద్దరొట్టె, గోంగూర ఇష్టం.

ఇంట్లో కాలు పెట్టేసరికి నరసింహం తొట్టి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఎలాగో ఉంది. సంచి కింద పెట్టకుండానే సరళ తొట్టి వైపు చూసింది. కుండ లేదు, పైపు లేదు. అద్దం ఉంది గానీ మధ్యలో లేదు, ఒక పక్కకు జరిపి ఉంది. తొట్టిలో ఒక మూల మిగిలిన ఇరుకు సందులో రెండు చేపలూ ఉన్నాయి. పొట్టేలు అటూ ఇటూ తిరుగుతోంది. బంగారి నీళ్ళ పైన మూలకు నిలువునా అతుక్కుపోయి ఉంది. తోక కుచ్చులు కుచ్చులుగా చీలిపోయింది. ఒక పక్క పొలుసు లేచి తెల్లటి కండ కనిపిస్తోంది. సరళ చూస్తుండగానే పొట్టేలు కిందనుంచి వచ్చి ఇంకో దెబ్బ కొట్టింది.

సంచి చేతిలోంచి జారి పలక రెండు ముక్కలైంది. ఆ చప్పుడు కూడా ఆమెకు వినపడలేదు. మోచేతి దాకా చెయ్యి తొట్టిలో దించి బంగారిని ఒడిసిపట్టి పైకి తీసింది. చీరంతా నీళ్ళు. ఇంకో చేత్తో మూలనున్న స్నానాల తొట్టెను లాక్కుని, అద్దాల తొట్టి నీళ్ళే చెంబుతో ముంచి పోసి, చేపను వదిలింది. అది ఒక పక్కకు ఒరిగిపోయి తేలింది. మొప్ప ఒకటి కదులుతోంది, అంతే.

నరసింహం వెనక నిలబడి చెప్పుకుపోతున్నాడు. అతను చేసిందేమీ దుర్మార్గం కాదట. కొత్త పొట్టేలును మందలో కలిపేటప్పుడు రెండు మొండి పొట్టేళ్ళనూ ఇరుకు దొడ్లో తోసి తడిక బిగించడం తాతలనాటి పద్ధతి. వెనక్కిపోయి ఉరికొచ్చి ఢీకొట్టడానికి చోటుండదు. రాసుకుంటాయి, తోసుకుంటాయి, ఒకదాని వాసన ఇంకొకదానికి పడుతుంది, తెల్లారేసరికి పక్కపక్కన నెమరేస్తుంటాయి. కుండలూ పైపులూ ఉంటేనే దానికి భయం పోదనుకున్నాడు. అందుకే తీసేసి ఇరుకు చేశాడు. జీవాలన్నీ ఒకటే గదా అనుకున్నాడు.

అతను చెప్తుండగానే సరళ లేచింది. పెరట్లోకి పోయి, కొళాయి తిప్పకుండానే విజయకు ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. విజయ తిట్టి ఉంటే బాగుండేది. "కల్లుప్పు గుప్పెడు వెయ్యక్కా," అంది చివరికి, మెల్లగా. "గాలి పైపు పెట్టు. తువ్వాల కప్పి చీకటి చెయ్యి." తర్వాత గొంతు సవరించుకుని ఇంకో మాట చెప్పింది. ఇవాళే మార్కాపురం చెంచయ్యను ఫోనులో అడిగిందట. మొదట్లోనే తప్పు చేశారన్నాడట. మగదాన్ని దాని తావులోనే ఉంచి ఆడదాన్ని తెచ్చి వేస్తే అది చంపడానికే చూస్తుంది. మగదాన్నే పీకి ఆడదాని ఇంట్లో వేస్తే, కొత్త తావు గదా, పొగరు దిగి ఒక మూల కూర్చుంటుందట. "పశువుల లెక్క చేసినాం అక్కా మనం. నువ్వొక్కదానివే కాదు, నేనూ చేసినా," అంది విజయ. అప్పుడు ఏడ్చింది.

సరళ లోపలికి వచ్చి ఉప్పు వేసింది, పైపు పెట్టింది, తువ్వాల కప్పింది. నరసింహం ఆమె చుట్టూ తిరుగుతూ, ఇంత బాధ దేనికే, మార్కాపురం పోయి ఇంకోటి తెద్దాం లే అన్నాడు. ఆ మాటతో సరళకు లోపల ఏదో తెగిపోయింది. తిరిగి నిలబడింది.

"ఇంకోటి యాడ దొరుకుద్ది? అది దుకాణంలో కొన్నది కాదు. విజయది. పాలుకు తెచ్చినా."

నరసింహం ముఖంలో రంగు మారింది. నాగరాజు పెండ్లాం చేపనా అన్నాడు. నా ఇంట్లోకి, నాకు చెప్పకుండా, వాళ్ళ సొమ్ము తెచ్చి పెట్టినావా అన్నాడు. గొంతు వీధిలోకి వినపడేంత లేచింది. స్టూలు కాలితో తన్నాడు. అది పోయి గోడకు తగిలింది. ఇంకో రోజైతే సరళ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరేసుకునేది. ఆ పూట కదల్లేదు. చెప్పుంటే రానిచ్చేవాడివా అని మాత్రం అడిగింది.

"ఏమయ్యా, పాలుకు తెచ్చిన జీవం మన చేతిలో చస్తే ఏం చెయ్యాల? నువ్వే చెప్పు. నీకే బాగా తెలుసు."

అతనికి తెలుసు. ఆ కథ పెళ్ళైన కొత్తలో సరళకు చెప్పిందే అతను. మీసాలు రాని వయసులో అతని కాపలాలో పుల్లలచెరువు ఆసామి పాలుకిచ్చిన గొర్రెను కుక్కలు చంపితే, వాళ్ళ నాయన ఓబులేసు ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఆ గొర్రె తోలు ఒలిచి కొడుకు భుజాన వేశాడు. నువ్వే మోసుకుపోయి ఆసామి గడపలో పరిచి, నా చేతిలో చచ్చిందని నీ నోటితో చెప్పిరా అన్నాడు. ఇంకొకరిని పంపడానికి లేదు. ఎవరి చేతిలో పోయిందో వాళ్ళే పోవాలి. ఎండలో ఈగలు ముసురుతున్న తోలు మోసుకుంటూ అడవి అంచున నడిచిన ఆ దారి గురించి చెప్పేటప్పుడల్లా నరసింహం గొంతు ఇప్పటికీ మెత్తబడుతుంది.

"కాబట్టి ఎట్లయినా నువ్వు ఆ గడపకు పోవాల్సిందే," అంది సరళ. "దాన్ని బతికుండంగ తీసకపోతావో, చచ్చినంక తీసకపోతావో నీ ఇష్టం. నువ్వు ఓబులేసు కొడుకువు అవునో కాదో అక్కడ తేలుద్ది."

నరసింహం చెయ్యి ఎత్తుతాడేమో అనుకుంది. అతను ఎత్తలేదు. తడి నేలమీద పడిన పలక ముక్కలను కాసేపు చూసి, తువ్వాల అంచు లేపి తొట్టెలోకి తొంగిచూసి, బయటికి వెళ్ళి దొడ్డి దగ్గర కూర్చున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముట్టలేదు.

తెల్లవారి లేచిన వెంటనే సరళ తువ్వాల తీసి చూసింది. బంగారి ఒరిగే ఉంది గానీ, రెండు మొప్పలూ ఆడుతున్నాయి. చెయ్యి లేపితే కన్ను తిప్పింది. సరళకు ఏడుపొచ్చింది. గబగబా బకెట్టు కడిగి తెచ్చి, మూతకోసం వెతుకుతూ ముందు గదిలోకి వచ్చి ఆగిపోయింది. నరసింహం చొక్కా చేతులు మడిచి పెద్ద తొట్టిలో చేతివల దించి ఉన్నాడు. పక్కన ఇంకో బకెట్టు. ఎర్రగా బుసకొడుతున్న పొట్టేలును పట్టి అందులో వేశాడు. అదెందుకు అని ఆమె అడగకముందే, బకెట్టు వంకే చూస్తూ, "తప్పు చేసింది నా జీవం. అది గూడ రావాల," అన్నాడు.

ఇద్దరూ బస్సెక్కారు. ఆమె కాళ్ళ మధ్య ఒక బకెట్టు, అతని కాళ్ళ మధ్య ఒకటి. అతని దాంట్లోంచి ఠప్పు ఠప్పుమని దెబ్బలు వినపడుతున్నాయి. ఆమె దాంట్లో చప్పుడే లేదు. ప్రతి గుంత దగ్గరా ఆమె మూత లేపి చూసుకుంది. అతను కూడా వంగి అందులోకే చూశాడు, తన దాంట్లోకి కాదు. ఫోనులో విజయ రమ్మంది గానీ, నాగరాజు ఏమన్నాడో చెప్పలేదు. చెప్పినా అక్కా, వినకుండా చేలోకి పోయినాడు అని మాత్రం అంది. వాకిట్లో తలుపు మూసేస్తే? నలుగురూ చూస్తుండగా ఒక్క మాట తూలితే? అప్పుడు నరసింహం వెనక్కి తిరిగి ఆ బకెట్టు మురికి కాలవలో కుమ్మరించే రకమే. ఇక ఈ జన్మలో విజయ ముఖం చూడడం ఉండదు. సరళ బకెట్టు కడ్డీని వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకుని కూర్చుంది.

ఇంటి ముందుకొచ్చేసరికి విజయ వాకిట్లోనే ఉంది. అక్కా అని కూడా అనకుండా బకెట్టు అందుకుని, మూత తీసి చూసి, పెదవి కొరుక్కుని లోపలికి పరుగెత్తింది. సరళ గడప దాటబోతూ వెనక్కి చూసింది. నరసింహం వేపచెట్టు నీడలో ఆగిపోయాడు. బకెట్టు కింద పెట్టాడు. నాగరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేని బురద కాళ్ళకు ఉండగానే. అన్నను చూశాడు, బకెట్టును చూశాడు. ఎదురింటి రాములమ్మ చాట పక్కన పెట్టి మరీ చూస్తోంది.

"నా చేతిలోనే దెబ్బ తినింది," అన్నాడు నరసింహం. ఎవరి ముఖమూ చూడకుండా, నేలను చూస్తూ అన్నాడు. "అద్దం నేనే జరిపినా. చెప్పిపోదామని వచ్చినా."

నాగరాజు గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది సరళ. నరసింహం దవడ బిగుసుకోవడం ఆమెకు కనిపించింది. అతను వంగి బకెట్టు కడ్డీ పట్టుకున్నాడు. మూత పక్కకు తొలగి, లోపల పొట్టేలు నీళ్ళపైకి నోరు తెరుచుకుని గుటకలు వేయడం కనిపించింది. అంత ఎర్రటిది పాలిపోయి ఉంది. అతను కడ్డీ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

నాగరాజు మళ్ళీ బయటికొచ్చాడు. చేతిలో ఇత్తడి చెంబు, దాన్నిండా తొట్టి నీళ్ళు. వేపచెట్టు కిందికి వచ్చి, అన్నకు ఎదురుగా గొంతుకూర్చుని, మూత పూర్తిగా తీసి పక్కన పెట్టాడు. "మా బోరు నీళ్ళల్లో ఉప్పెక్కువ," అన్నాడు చేపకు చెప్పినట్టు. "ఒక్కసారిగ ఏస్తే చస్తాది." చెంబు వంచి, సన్నటి ధారగా సగం పోసి ఆపాడు.

ఆ బోరు నీళ్ళే. ఆ నీళ్ళకోసమే గదా పార కామ ఎత్తింది, స్టేషనుకెక్కింది, ఒట్టేసింది. ఆ నీళ్ళు ఇప్పుడు అన్న బకెట్టులో పడుతున్నాయి. నరసింహం నెమ్మదిగా కూర్చున్నాడు. ఇద్దరి తలలూ ఒకే బకెట్టు మీదికి వంగి ఉన్నాయి. లోపల్నుంచి విజయ గొంతు వినపడింది, అక్కా, అద్దం కాడికొచ్చింది, నా చెయ్యి చూసి వచ్చింది అని. సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ గుమ్మం వదల్లేదు.

కాసేపాగి నాగరాజు మిగిలిన సగం పోశాడు. పొట్టేలు ఒకసారి విదిలించుకుని కుదుటపడింది. గుటకలు వేయడం మానింది. నరసింహం బకెట్టులో వేళ్ళు ముంచి, చూసుకుని, తీశాడు. తడి వేళ్ళను చొక్కాకు తుడుచుకోలేదు.

"ఇంకో చెంబు పొయ్యి నాగరాజూ," అన్నాడు.

నాగరాజు ఖాళీ చెంబు పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. నరసింహం రెండు చేతులతో బకెట్టు ఎత్తుకుని తమ్ముడి వెనకే నడిచాడు. గుమ్మం దగ్గర సరళ పక్కకు జరిగి ఇద్దరికీ దారి ఇచ్చింది.